కునుకులో దొరికిన వాక్యం

తల్లీ, నువ్వడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. రాద్దామని బల్ల ముందు కూర్చుంటే గంటైనా ఒక్క ముక్క రాదు, అదే తిరుత్తణిలో లోకల్ ఎక్కి అరక్కోణం దాటేసరికి ఆగిపోయిన కథ దానంతటదే కదులుతుంది, ఎందుకు తాతా అన్నావు. "అదంతా మూడ్ బట్టి ఉంటుందిలే" అనేసి పేపరు చదువుకోవచ్చు. కానీ సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన నోరు, అంత తేలిగ్గా మూతపడదు. కూర్చో. మీ అవ్వ కాఫీ కలుపుతోంది, అది తాగుతూ మాట్లాడుకుందాం.

ఊరికే కూర్చున్నప్పుడు మెదడు కూడా ఊరికే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులు, కానీ ఒంటికి అందే శక్తిలో నూటికి ఇరవై వంతులు అదే ఖర్చు చేస్తుంది. విచిత్రమేమిటంటే, నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా, పరీక్షలో కష్టమైన లెక్క చేస్తున్నా ఆ ఖర్చులో తేడా నూటికి ఐదు కూడా రాదు. మరి ఊరికే కూర్చున్నప్పుడు అంత ఖర్చు దేనికయ్యా అని అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్ళో మార్కస్ రైకిల్ అనే ఆయన, ఆయన బృందం ఆరా తీశారు. చేతిలో పని ఆగగానే మెదడులో కొన్ని భాగాలు కలిసికట్టుగా చురుకవుతాయని తేలింది. 2001లో దానికి 'డిఫాల్ట్ మోడ్' అని పేరు పెట్టారు. ఆ భాగాలకు సంబంధించిన పనులేమిటో చూడు: పాత జ్ఞాపకాలు తోడుకోవడం, ఇంకా జరగనిదాన్ని ఊహించుకోవడం, ఎదుటి మనిషి మనసులో ఏముందో అంచనా కట్టడం. కథ రాయడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే వెంటనే "ఇక బల్ల దగ్గర కూర్చోను, రైల్లోనే తిరుగుతా" అనకు. 2019లో షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్ళు కలిసి వృత్తి రచయితలనీ, భౌతిక శాస్త్రవేత్తలనీ ఒక కోరిక కోరారు. రోజూ ఆ రోజు తట్టిన మంచి ఆలోచన ఏమిటో, అది తట్టినప్పుడు ఏం చేస్తున్నారో, ఏం తలుచుకుంటున్నారో రాసి పెట్టండి అని. లెక్క చూస్తే ముఖ్యమైన ఆలోచనల్లో ఐదో వంతు, ఆ పనితో సంబంధం లేని పనేదో చేస్తూ, ఇంకేదో ఆలోచిస్తూ ఉన్నప్పుడు వచ్చినవి. అంటే మిగతా నాలుగు వంతులూ అలా వచ్చినవి కావన్నమాట. ఇంకా తమాషా ఏమిటంటే, దారి తప్పిన మనసుకు దొరికిన ఆలోచనలు పనిలో ఉన్నప్పుడు దొరికినవాటికంటే గొప్పవేమీ కాదు, తక్కువవీ కాదు. తేడా ఒక్కచోటే ఉంది. ఎక్కడో ఇరుక్కుపోయి ముందుకు కదలని పని ఉందే, దాని చిక్కు విప్పే అవకాశం వీటికే ఎక్కువ. 'అబ్బ, దొరికింది!' అనిపించే అవకాశం కూడా వీటికే ఎక్కువ.

నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. రైలు నీకు కథ ఇవ్వడం లేదు. బల్ల దగ్గర నువ్వు బిగించి వదిలిన ముడిని రైల్లో మెదడు విప్పుతోంది. అసలు ముడే లేకపోతే విప్పడానికేముంది? మన పక్క పొదటూరుపేట, పళ్ళిపట్టు వైపు నేతపనివాళ్ళను చూశావుగా. ముందు పడుగు వేయాలి, గంజి పెట్టాలి, పోగు పోగూ సరిచూసి మగ్గానికి ఎక్కించాలి. అదంతా విసుగు పుట్టించే చాకిరీ, చూసేవాళ్ళకు చీర ఎక్కడా కనపడదు. ఆ తర్వాత నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే "ఎంత చులాగ్గా నేస్తున్నాడో!" అంటాం. బల్ల దగ్గర నీకు వ్యర్థమైపోయిందనిపించే ఆ గంట పడుగు వేసే గంట.

తిరుత్తణి పేరు చెప్పుకుంటూ ముత్తుస్వామి దీక్షితుల వారిని తలుచుకోకపోతే తప్పు. త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రితో కలిపి సంగీత త్రిమూర్తులంటామే, అందులో ఆయన ఒకరు. 1775లో తిరువారూరులో పుట్టాడు. కుర్రతనంలోనే చిదంబరనాథ యోగి వెంట కాశీకి వెళ్ళి కొన్నేళ్ళు అక్కడే ఉన్నాడు. గురువు పోయాక తిరిగొచ్చి, మద్రాసు పక్క మణలిలో ఉన్న ఇంటివాళ్ళను చేరుకున్నాడు. అక్కణ్ణుంచి మన తిరుత్తణి కొండకొచ్చాడు. గుళ్ళో ధ్యానంలో ఉండగా ఎవరో ముసలాయన వచ్చి, "నోరు తెరు" అని నాలుక మీద కలకండ ముక్క పెట్టి మాయమయ్యాడట. ఆ వచ్చింది సుబ్రహ్మణ్యస్వామేననీ, ఆ తీపి నోట్లో కరుగుతుండగానే మొదటి కీర్తన 'శ్రీనాథాది గురుగుహో' పుట్టిందనీ పెద్దలు చెబుతారు. ఆయన కీర్తనలన్నిటికీ ముద్ర 'గురుగుహ' అనేది అప్పటినుంచే.

ఈ కథని నేను కాదనను, కొండకు దణ్ణం పెట్టుకునేవాణ్ణే. కానీ కీర్తన రాగం చూడు, మాయామాళవగౌళ. సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు సరళీ వరసలు చెప్పేది ఏ రాగంలో? అందులోనే. పాట ఎత్తుగడలో ఆ స్వరాల వరసే మెట్లెక్కుతూ వినిపిస్తుంది. అంటే కుర్రవాడికి ఆనాడు నాలుక మీదికి వచ్చింది ఎక్కడిదో కొత్తది కాదు, బుద్ధి తెలిసినప్పటినుంచీ వేల సార్లు పాడి పాడి ఒంట్లో ఇంకిపోయిన పాఠం. తండ్రి రామస్వామి దీక్షితులు నేర్పిన వీణ, కాశీలో విన్న హిందుస్తానీ, చదివిన సంస్కృతం, చేసిన ఉపాసన అన్నీ లోపల ఉన్నాయి. వాటికి ఒక గడియ కావలసివచ్చింది, ఆ గడియ మన కొండ మీద వచ్చింది.

ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం నీలాంటివాళ్ళు గమనించాలి. ఒక కీర్తన వచ్చింది గదా అని రెండోదానికి ఇంకో కలకండ ముక్క కోసం చూస్తూ కూర్చోలేదు. మొదటి కీర్తన ప్రథమా విభక్తిలో ఉందా, ఇక ద్వితీయ, తృతీయ, చతుర్థి... అలా గురుగుహుణ్ణి ఎనిమిది విభక్తుల్లోనూ పాడుతూ కీర్తనలు కట్టాడు. బళ్ళో పిల్లలు బట్టీ పట్టే వ్యాకరణాన్ని తనకు తాను కట్టడిగా పెట్టుకున్నాడు. "ఏదైనా రాయి" అంటే చెయ్యి కదలదు. "చతుర్థి విభక్తిలో, ఈ రాగంలో, ఈ స్వామి మీద రాయి" అంటే మెదడు వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది, వెతుకులాట లోతుకు దిగుతుంది. మన అవధానులకు నిషిద్ధాక్షరి ఇచ్చేవాళ్ళు వాళ్ళను కష్టపెడుతున్నామనుకుంటారు గానీ, ఒక రకంగా సాయమే చేస్తున్నారు. నువ్వూ ఈసారి "అంతా ఒకే రైలు పెట్టెలో జరగాలి, కడంబత్తూరులో మొదలై సెంజి పనంబాక్కంలో అయిపోవాలి" అని గిరి గీసుకుని చూడు.

(కలకండ తింటే కవిత్వం వస్తుందేమోనని మాత్రం ప్రయత్నించకు. వస్తే గిస్తే నాకొచ్చిందే వస్తుంది, షుగరు.)

ఇంకొకాయన సంగతి నీకు బళ్ళో ప్రతి సెప్టెంబరు 5నా చెప్పే ఉంటారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలోనే పుట్టాడు, తెలుగింటివాడు. ఆయన తత్వశాస్త్రం చదవడానికి కారణం ఏ దివ్యదర్శనమో కాదు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, దగ్గరి చుట్టం ఒకాయన చదువు ముగించి తన పాత పుస్తకాలిచ్చాడు, అవి తత్వశాస్త్రం పుస్తకాలు. ఊరికే దొరికిన పుస్తకాలు గదా, అదే చదివాడు! మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి మీద రాసిన వ్యాసం 1908లో పుస్తకంగా అచ్చయింది, అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. లోకమంతా చెప్పుకున్న 'ఇండియన్ ఫిలాసఫీ' మొదటి సంపుటం వచ్చింది 1923లో. మధ్యలో పదిహేనేళ్ళు పాఠాలు చెప్పడం, చదవడం, రాయడం. చాకిరీ అన్నానే, అది.

ఇప్పుడు నీ రైలు దగ్గరికి వద్దాం. పొద్దున లోకల్‌లో సీటు దొరికితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు, కునుకు తీస్తావు. మీ అమ్మ దానికి బద్ధకమని పేరు పెట్టింది. నేను శాస్త్రం చెబుతా విను. 2021లో ప్యారిస్‌లో కొందరు పరిశోధకులు నూరుమందికి పైగా మనుషులకు వరస లెక్కలు ఇచ్చారు. ఆ లెక్కల్లో ఎవరికీ చెప్పని అడ్డదారి ఒకటి ఉంది, అది పట్టుకుంటే జవాబు వెంటనే వచ్చేస్తుంది. కాసేపు చేయించి, ఇరవై నిమిషాలు చీకట్లో పడక్కుర్చీలో వెనక్కి వాలి విశ్రాంతి తీసుకోమన్నారు. చేతికి ఒక కప్పు ఇచ్చి పట్టుకోమన్నారు. నిద్ర ముదిరితే చెయ్యి సడలి కప్పు కింద పడుతుంది, మనిషి లేస్తాడు. ఎడిసన్ కూడా చేతిలో గుండ్లు పట్టుకుని కుర్చీలో ఇలాగే కునికేవాడని చెప్పుకుంటారు.

ఫలితం చూడు. అసలు కన్ను మూతపడనివాళ్ళలో నూటికి ముప్ఫైమంది ఆ అడ్డదారి కనిపెట్టారు. కనీసం పదిహేను సెకన్లు తొలి కునుకులో ఉన్నవాళ్ళలో నూటికి ఎనభైమూడు మంది! అంతకంటే లోతుగా నిద్రలోకి జారినవాళ్ళలో పద్నాలుగు మందే. మెలకువకీ నిద్రకీ మధ్య ఉన్న ఆ సన్నటి గట్టు మీద ఏదో జరుగుతోందన్నమాట. అక్కడ మనసు మీద మన అజమాయిషీ సడలుతుంది గానీ పూర్తిగా పోదు. సంబంధం లేని సంగతులు ఒకదాని పక్కకొకటి వస్తాయి, వచ్చినట్టు మనకు తెలుస్తుంది కూడా.

రైల్లో కూర్చుని కునికేవాణ్ణి జాగ్రత్తగా చూశావా ఎప్పుడైనా? మొదట కనురెప్పలు బరువెక్కుతాయి. చూపు ఒకచోట నిలవదు. దవడ కొంచెం వదులవుతుంది. మెడ కండరాల పట్టు తగ్గి తల మెల్లిగా ముందుకు వాలుతుంది, గడ్డం రొమ్ముకు తగిలే లోపు ఉలిక్కిపడి లేస్తాడు. చుట్టూ చూసి, తను నిద్రే పోనట్టు గొంతు సవరించుకుంటాడు. మళ్ళీ మానవూరు వచ్చేసరికి తల వాలుతుంది. ప్యారిస్‌వాళ్ళు కప్పుతో చేసిన పని మనకు మెడ చేసిపెడుతుంది, పైసా ఖర్చు లేదు. పడుకుని నిద్రపోతే ఈ సౌకర్యం ఉండదు, నేరుగా లోతుకు పోతాం.

అదే ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎక్కువగా చెప్పుకోరు. కునుకు తీసి లేచిన వెంటనే ఎవరికీ అడ్డదారి తట్టలేదు. లేచి మళ్ళీ లెక్కలు మొదలుపెట్టి, సగటున తొంభైనాలుగు లెక్కలు చేశాక తట్టింది. కునుకు తర్వాత కూడా పనే!

రైలు సంగతి అయింది, నడక సంగతీ చెప్పేస్తా. మన కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డిసెంబరు 31న భక్తులు మెట్టుకో తిరుప్పుగళ్ పాట పాడుతూ ఎక్కడం నువ్వు చూసిందే. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఒపెజ్జో, ష్వార్ట్జ్ అనే ఇద్దరు నడిచేవాళ్ళనీ కూర్చున్నవాళ్ళనీ పోల్చి చూశారు. ఒక వస్తువు ఇచ్చి దానితో ఎన్ని రకాల కొత్త ఉపయోగాలు ఊహించగలవంటే, నడిచేటప్పుడు సగటున నూటికి అరవై వంతులు ఎక్కువగా చెప్పారు. చెట్లూ పుట్టలూ చూడటం వల్లనేమో అనుకోకు, ఖాళీ గోడకెదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిపించినా అంతే. కాబట్టి మంచి దృశ్యం కావాలని కొడైకెనాల్ పోనక్కర్లేదు, తేరడి వీధి చాలు. కొండెక్కేటప్పుడు మాత్రం ఆయాసం వచ్చేలా పరిగెత్తకు, అప్పుడు మెదడు ఊపిరి లెక్కపెట్టుకోవడంలోనే ఉంటుంది.

ఇక "నేను రాసేవన్నీ ఎవరినో అనుకరిస్తున్నట్టే ఉన్నాయి తాతా" అని మొన్న ముఖం మాడ్చుకున్నావు. ఒకసారి పూండి పోయి రా. చెరువు కాదు, అక్కడున్న మ్యూజియం చూడు. పక్కనే కొసస్థలై నది లోయలో అత్తిరంపాక్కం అని ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, ముప్ఫై నిండని కుర్రాడు, అక్కడ ఆదిమానవుల రాతి పనిముట్లు పట్టుకున్నాడు. తర్వాత శాంతి పప్పు బృందం తవ్వి తేల్చిందేమంటే, వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళనాటివి. అరచేతిలో ఇమిడే చేతిగొడ్డలి. గులకరాయి జాతి గట్టి రాయిని రెండు పక్కలా పెచ్చులు లేపి, ఒక కొస సన్నగా, ఒక కొస గుండ్రంగా చెక్కింది. అంచు మీద వేలు పెట్టి ఊహించుకుంటే ఎక్కడెక్కడ దెబ్బ పడిందో ఒక్కొక్క పల్లం చెబుతుంది. ఆ పనిముట్టు చెక్కడం లక్షల ఏళ్ళు తాత చేసినట్టే మనవడూ చేశాడు. అదే లోయలో సుమారు 3,85,000 ఏళ్ళ కింద కొత్త పద్ధతి వచ్చింది, పెద్ద గొడ్డళ్ళు తగ్గి, ముందే లెక్క వేసుకుని రాయి సిద్ధం చేసి లేపిన చిన్న పెచ్చుల పనిముట్లు పెరిగాయి. మధ్యలో ఎంత కాపీ కొట్టుకున్నారో చూడు! నీకు రెండేళ్ళకే సొంత గొంతు రాలేదని దిగులా?

రోజూ రాసే అలవాటు ఇరవైఒక్క రోజుల్లో వచ్చేస్తుందని ఎవరో చెప్పారన్నావు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం కొత్త అలవాట్లు చేసుకునేవాళ్ళను గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరే ఉంది. సగంమందికి 66 రోజుల్లోపు కుదిరింది. మొత్తమ్మీద కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే కొంపేమీ మునగలేదు. కాబట్టి ఆడికృత్తిక పండగ జనంలో ఇరుక్కుని ఒక రోజు రాయలేకపోయావని నోటుపుస్తకం మూల పడేయకు.

ఏం రాయాలి అంటావా? మన ఊరే ఒక కథ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అటు తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లో కొన్ని ఊళ్ళు ఆంధ్రలోకి వచ్చాయి. పడుకున్న మంచం కదలకుండా జనం రాష్ట్రం మారారు. ఆ రోజు పొద్దున టీ అంగట్లో ఏం మాట్లాడుకున్నారో ఎవరు రాశారు? తిరువాలంగాడులో రోజూ బండి ఆగుతుందే, అక్కడే కారైక్కాల్ అమ్మయ్యార్ అనే ఆడమనిషి దాదాపు పదిహేను వందల ఏళ్ళ కింద స్మశానంలో తాండవమాడే శివుణ్ణి పాడింది. శివుడున్న నేల మీద కాలు పెట్టకూడదని తలకిందులుగా చేతులతో నడిచిందని చెబుతారు. నువ్వా స్టేషన్లో తలెత్తేది ఫోను సిగ్నల్ పోతేనే. మనసు ఖాళీగా తిరగాల్సిన ఆ కాస్త సమయమూ రీల్స్‌కి ఇచ్చేస్తే లోపల మెదడు ఎప్పుడు పని చేస్తుందమ్మా?

వచ్చినదాన్ని వెంటనే రాసుకో. అదీ చదవగలిగేటట్టు రాసుకో. ఒట్టో లోవి అని ఆస్ట్రియాలో ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. నరాలు గుండెకు కబురు పంపేది రసాయనంతోనేమో అని ఆయనకు ఎప్పుడో అనుమానం వచ్చింది, నిరూపించే దారి తెలియక వదిలేశాడు. పదిహేడేళ్ళ తర్వాత ఒక రాత్రి నిద్రలో ఆ దారి తట్టింది. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారి చూస్తే ఆ రాత తనకే అర్థం కాలేదు! పగలంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. అదృష్టం, మర్నాడు రాత్రి మూడింటికి మళ్ళీ అదే కల. ఈసారి కాగితం జోలికి పోలేదు, నేరుగా ప్రయోగశాలకు పరిగెత్తాడు. ఒక కప్ప గుండెకు వెళ్ళే నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు, ఆ గుండె నానిన ద్రవం తీసి రెండో కప్ప గుండెకు తగిలించాడు. నరం ముట్టకుండానే రెండోదీ నెమ్మదించింది. 1936లో నోబెల్ బహుమతి. అందరికీ కల రెండోసారి రాదు, నీ దస్తూరి చూస్తే నాకు భయమేస్తుంది.

స్టాన్‌ఫర్డ్ వాళ్ళ మాట ఒకటి మిగిలిపోయింది. ఒకటే సరైన జవాబు పట్టుకోవాల్సిన పరీక్షలో నడిచేవాళ్ళు కూర్చున్నవాళ్ళకంటే కాస్త వెనకపడ్డారు. అంటే దిద్దే పని మెట్ల మీద కాదు, బల్ల దగ్గరే. నువ్విచ్చిన కథ చదివాను. రైల్లో పూలమ్మే అవ్వ తమిళమూ తెలుగూ కలిపి తిడుతుందే, అది అచ్చం మన ప్లాట్‌ఫారం మీద విన్నట్టే ఉంది, ఒక్క అక్షరం మార్చకు. రెండో పేజీలో సూర్యోదయం వర్ణన కొట్టేయ్. మూడో పేజీలో వాడు ఉత్తరం ఎందుకు చించాడో నాకు అర్థం కాలేదు, బహుశా నీకూ తెలిసినట్టు లేదు. కాఫీ వచ్చింది, తాగి దాని సంగతి చూడు.